లేజర్ నేత్ర శస్త్రచికిత్స – ప్రమాదాలు, దుష్ప్రభావాలు: చంపాపేట్ పరిసర విద్యార్థుల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

హ్రస్వదృష్టిని సరిచేయడానికి చేసే లేజర్ శస్త్రచికిత్సలు హైదరాబాదు నగరంలో సర్వసాధారణమైనాయి. వీటివల్ల కలిగే దుష్ప్రభావాలలో ఏవి కొంతకాలానికి తగ్గుతాయి, ఏవి నిలిచిపోతాయి, ప్రమాదావకాశం ఎవరికి ఎక్కువ అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, చంపాపేట్, ఎల్.బి. నగర్ ప్రాంతాలలో పోటీ పరీక్షలకు చదివే యువత ఉద్యోగార్హత కోసం ఈ చికిత్సను ఆశ్రయించే సందర్భాన్ని ప్రధానంగా గ్రహించి, కార్నియా మందానికి సంబంధించిన లెక్కను, ఉద్యోగ ప్రకటనలలోని వైద్య నిబంధనలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది. అంగీకారపత్రం భాషను గురించి కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: లాసిక్, కార్నియా, హ్రస్వదృష్టి, కెరటోకోనస్, పొడికళ్ళు, అంగీకారపత్రం, చంపాపేట్.

1. ఉపోద్ఘాతం:

ఐ.ఎస్. సదన్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా నాగార్జునసాగర్ వైపు సాగే రహదారి మీద చంపాపేట్ ఉంది. దీనికి ఒకవైపు దిల్‌సుఖ్‌నగర్, మరొకవైపు ఎల్.బి. నగర్. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలకు, వసతిగృహాలకు పేరుపడిన చోటు. జిల్లాల నుంచి వచ్చి పోలీసు, రైల్వే, రక్షణ దళాల ఉద్యోగాలకు చదువుకునే యువతీయువకులు ఈ పరిసరాలలో అద్దెగదులు తీసుకొని ఉంటారు. వీరికి పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది: “సైటు ఉంది సార్, లేజర్ చేయించుకుంటే పోతుందంటున్నారు, చేయించుకోమంటారా?”

ఇంగ్లీషులో చూపు అని అర్థమిచ్చే ‘సైటు’ తెలుగు వాడుకలోకి వచ్చి చూపులోని దోషానికి పేరైంది. ‘సైటు వచ్చింది’, ‘సైటు పెరిగింది’, ‘సైటు పోయింది’ అంటాం. ఈ మూడో ప్రయోగమే చిక్కు తెచ్చిపెడుతున్నది. సైటు ‘పోవడం’ అంటే జ్వరం పోయినట్లు జబ్బు నయం కావడమని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి లేజర్ చికిత్సలో జబ్బు నయం కావడమంటూ ఏమీ లేదు. పొడవుగా పెరిగిన కనుగుడ్డు అట్లాగే ఉంటుంది. దాని ముందుభాగంలోని పారదర్శకమైన పొరను కొంత చెక్కి, కాంతి సరైన చోట కేంద్రీకృతమయ్యేటట్లు చేస్తారు. చెక్కిన భాగం తిరిగి పెరగదు. ప్రమాదాల చర్చకంతటికీ మూలం ఈ విషయమే.

ఈ చికిత్స చేయించుకున్నవారిలో అత్యధికులు సంతృప్తిగా ఉన్నారన్నది వివాదం లేని విషయం. దుష్ప్రభావాలను గురించి రాయడం దాన్ని కాదనడం కాదు. అయితే మిగిలిన కొద్దిమంది ఎవరు, వారిని ముందుగా గుర్తించే మార్గం ఉందా అన్నది వేరే ప్రశ్న. చాలావరకు ఉన్నదనే సమాధానం. లేజర్ కింద పడుకునే ఆ కొద్ది నిమిషాలకంటే, అంతకుముందు తీసుకునే కొలతలు, వాటిని చూసి ‘నీకు వద్దు’ అని చెప్పగలిగే వైద్యుని నిర్ణయం ఎక్కువ ముఖ్యమైనవని ఈ వ్యాసం భావన.

2. చికిత్సా విధానం – సంక్షిప్త పరిచయం:

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకపు పొర కార్నియా. పాఠ్యపుస్తకాలలో దీనిని శుక్లపటలం అన్నారు. మధ్యభాగంలో దీని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ.

ఈ పొరను వేడి పుట్టించకుండా చెక్కగల కాంతిని గుర్తించినవారిలో మద్రాసులో 1929లో జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో ఆయన, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కలిసి 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎక్సైమర్ లేజర్‌ను జీవకణజాలం మీద ప్రయోగించారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని శ్రీనివాసన్ ప్రయోగశాలకు తెచ్చి, చుట్టుపక్కల కణజాలం మాడకుండా శుభ్రమైన కోత పడటాన్ని గమనించారు. 1983లో నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ ఈ ఆవిష్కరణను కార్నియాకు అన్వయించారు. గ్రీసు దేశపు వైద్యుడు అయోనిస్ పల్లికారిస్ 1990 ప్రాంతంలో పలుచని పొరను తలుపులా పైకెత్తి లోపల లేజర్ ప్రయోగించే పద్ధతిని చేపట్టారు. అదే లాసిక్.

నేడు మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పి.ఆర్.కె.లో కార్నియా పైనున్న చర్మంవంటి కణాల పొరను తొలగించి నేరుగా లేజర్ ప్రయోగిస్తారు. నొప్పి మూడునాలుగు రోజులుంటుంది, చూపు తేటపడటం ఆలస్యమవుతుంది, కొందరిలో కార్నియా మసకబారుతుంది. లాసిక్‌లో పైపొరను ఒకవైపు మడతబందులా వదిలి ఎత్తి, చికిత్స ముగిశాక తిరిగి కప్పుతారు. మర్నాటికే చూపు తేటపడుతుంది. స్మైల్ అనే మూడో పద్ధతిలో కార్నియా లోపల కటకం ఆకారంలో ఒక ముక్కను కోసి చిన్న రంధ్రం గుండా బయటికి తీస్తారు. ప్రకటనలలో ఒకదానికంటే మరొకటి ‘సురక్షితం’ అని చెప్పడం కనిపిస్తుంది. నష్టాల స్వరూపం పద్ధతిని బట్టి మారుతుంది గాని, కణజాలాన్ని తగ్గించడం మూడింటిలోనూ సమానమే.

3. మందం లెక్క – కార్నియా ఉబ్బు:

లేజర్ చికిత్స దుష్ఫలితాలలో అరుదైనది, తీవ్రమైనది ఎక్టేషియా. చెక్కగా మిగిలిన కార్నియా కంటిలోపలి ఒత్తిడికి తాళలేక క్రమంగా ముందుకు ఉబ్బి శంకువు ఆకారం దాలుస్తుంది. చికిత్స జరిగిన కొన్ని నెలలకు గాని, కొన్నేళ్లకు గాని ఇది బయటపడవచ్చు. తేటపడిన చూపు మళ్లీ మసకబారుతుంది, ఈసారి కళ్ళద్దాలకు లొంగదు. లాసిక్ తరువాత ఇట్లా జరగడాన్ని 1998లో థియో సైలర్, ఆయన సహచరులు తొలిసారిగా వైద్యలోకం దృష్టికి తెచ్చారు. వైద్య సాహిత్యంలో తరచుగా కనిపించే అంచనాల ప్రకారం ఇది పదివేల మందిలో నలుగురి నుంచి అరవై మంది వరకు సంభవించవచ్చు. అంచనాల మధ్య ఇంత తేడా ఉండటానికి కారణం, ఎంపికలో పాటించే జాగ్రత్త అన్నిచోట్లా ఒకేలా లేకపోవడమే.

లెక్క కష్టమైనది కాదు. ఛార్లెస్ మన్నర్లిన్ 1988లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, చెక్కవలసిన లోతు మైక్రాన్లలో కావాలంటే, చికిత్స చేసే వలయపు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని వర్గం చేసి, డయాప్టర్లతో గుణించి, మూడుతో భాగించాలి. వలయం 6 మిల్లీమీటర్లయితే ఒక్కొక్క డయాప్టరుకు 12 మైక్రాన్లు పోతాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. చంపాపేట్‌లో గది తీసుకొని చదువుకుంటున్న 21 ఏళ్ల విద్యార్థికి మైనస్ 8 సైటు, 500 మైక్రాన్ల కార్నియా ఉన్నాయనుకుందాం. చెక్కవలసినది 96 మైక్రాన్లు. లాసిక్‌లో ఎత్తే పొర మందం 110 మైక్రాన్లనుకుంటే, ఆ పొర తిరిగి కప్పినా కంటికి బలమివ్వదు కాబట్టి దానినీ తీసివేయాలి. అడుగున మిగిలేది 294 మైక్రాన్లు. కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది పాతకాలంగా వస్తున్న నియమం. దాని ప్రకారం ఈ విద్యార్థి అర్హుడు. అయితే మిగిలినదెంత అని మాత్రమే కాక, మొత్తంలో ఎంత భాగం కదిలించామన్నది కూడా చూడాలని 2014లో మార్కొని శాంటియాగో, ఆయన సహచరులు సూచించారు. కదిలించిన భాగం 40 శాతానికి చేరితే ప్రమాదం పెరుగుతుందని వారి పరిశీలన. ఇక్కడ 500లో 206 మైక్రాన్లు, అంటే 41.2 శాతం. ఒక నియమం ప్రకారం అర్హుడైనవాడు రెండో నియమం ప్రకారం అనుమానాస్పదుడు. వలయాన్ని 6.5 మిల్లీమీటర్లకు పెంచితే చెక్కే లోతు 113 మైక్రాన్లకు చేరుకుంటుంది. రాత్రిపూట కనుపాప పెద్దదవుతుంది కాబట్టి వలయాన్ని తగ్గించినా చిక్కే. ఈ బేరీజు వేయవలసింది వైద్యుడే. కాని తన 500, తన 96, తన 294 ఏమిటో తెలుసుకునే హక్కు విద్యార్థికి ఉన్నది.

ఈ లెక్కకు అందని మరొక అంశం వయస్సు. బ్రాడ్లీ రాండిల్‌మన్ బృందం 2008లో రూపొందించిన ప్రమాద సూచికలో కార్నియా ఆకృతి, మిగిలే మందం, సైటు ఎంత అన్నవాటితోపాటు వయస్సుకూ మార్కులున్నాయి. 18–21 ఏళ్ల వారికి ఎక్కువ, 30 దాటినవారికి సున్న. కారణం సులువుగా అర్థమవుతుంది. కెరటోకోనస్ అనే వ్యాధిలో ఏ శస్త్రచికిత్సా లేకుండానే కార్నియా పలుచబడి శంకువులా మారుతుంది. అది సాధారణంగా కౌమారంలో మొదలై ముప్ఫై దాటేదాకా ముదురుతుంటుంది. ఇరవై ఏళ్ల వయస్సులో కార్నియా పటంలో కనిపించని లోపం ఇరవై ఆరేళ్లకు కనిపించవచ్చు. అటువంటి కంటికి లేజర్ తగిలితే, ఎట్లాగూ రావలసిన వ్యాధి తొందరగా, తీవ్రంగా వస్తుంది. నోటిఫికేషన్ వెలువడి, వైద్యపరీక్షకు కొద్ది నెలలే గడువున్న అభ్యర్థులు సరిగ్గా ఈ వయస్సువారే కావడం గమనించదగినది.

కెరటోకోనస్ మన దేశంలో అరుదు కాదు. నాగపూర్ సమీప గ్రామాలలో జరిగిన మధ్యభారత నేత్ర అధ్యయనంలో, కార్నియా వంపు 48 డయాప్టర్లకు చేరడాన్ని ప్రమాణంగా తీసుకున్నప్పుడు 2.3 శాతం మందిలో ఇది కనిపించింది. ప్రమాణం స్థూలమైనదే అయినా అంకె విస్మరించదగినది కాదు. కళ్లు నలుపుకునే అలవాటుకూ ఈ వ్యాధికీ సంబంధముంది. దుమ్ము, వేడి, అలర్జీ ఉన్నచోట కళ్ళ దురద ఎక్కువ. అర్ధరాత్రి దాకా చదివి కళ్ళు నలుపుకునే విద్యార్థిని ‘ఎన్నేళ్లుగా నలుపుకుంటున్నావు?’ అని అడగడం ఖరీదైన యంత్రపరీక్షతో సమానమైన పరీక్ష. తోబుట్టువులలో ఎవరికైనా కెరటోకోనస్ ఉన్నదేమో కూడా అడగాలి.

మెత్తటి కాంటాక్టు లెన్సులు వాడేవారు కొలతలకు ముందు ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులు వాడేవారు మరికొన్ని వారాలు వాటిని మానాలి. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకృతి తాత్కాలికంగా మారుతుంది. ఆ మారిన ఆకృతిని కొలిస్తే లెక్క తప్పుతుంది. ఏడాదిలో సైటు అర డయాప్టరుకు మించి మారినవారు ఆగడం మంచిది.

ఎక్టేషియా వచ్చినవారికి నేడు మార్గం లేకపోలేదు. రైబోఫ్లేవిన్ విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి కార్నియా తంతువులను గట్టిపరచే చికిత్సను జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో ప్రకటించారు. ఇది ఉబ్బును ఆపుతుంది, పోయిన చూపును పూర్తిగా తెచ్చిపెట్టదు. ముదిరినవారికి ప్రత్యేకమైన గట్టి లెన్సులు, చివరికి కార్నియా మార్పిడి. కళ్ళద్దాలు వదిలించుకోవాలని వెళ్లినవారు మరొకరి నేత్రదానం కోసం వేచి ఉండవలసి రావడం అరుదే గాని, అసంభవం కాదు.

4. పొడికళ్ళు, రాత్రి వెలుగులు:

శరీరంలో నాడులు అతి దట్టంగా ఉన్న కణజాలాలలో కార్నియా ఒకటి. కన్నీరు ఊరడానికి, రెప్ప వేయడానికి సంకేతం వెళ్లేది ఆ నాడుల గుండానే. లాసిక్‌లో పొరను కోసేటప్పుడు అవి తెగుతాయి. తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది, అందరిలోనూ పూర్వస్థితికి రావు. అందువల్ల చికిత్స తరువాత కళ్ళు పొడిబారడం దాదాపు అందరికీ అనుభవమే. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తగ్గుతుంది. కొద్దిమందిలో తెగిన నాడులు అపసవ్యంగా పెరిగి, కంటిలో ఏ గాయమూ కనిపించకపోయినా మంట, పోటు నిలిచిపోతాయి. పరీక్షలో కన్ను బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇటువంటివారి బాధను ఇంట్లోవారు, ఒక్కొక్కసారి వైద్యులు సైతం, నమ్మరు.

ఈ విషయంలో అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ ఇతర సంస్థలతో కలిసి జరిపిన ప్రౌల్ అధ్యయనాలు ఉపయోగకరమైనవి. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. నౌకాదళానికి చెందిన 262 మందిని ఒక అధ్యయనంలో, 312 మంది పౌరులను మరొకదానిలో పరిశీలించారు. చికిత్సకు ముందు పొడికళ్ళ లక్షణాలు లేనివారిలో 28 శాతం మందికి మూడు నెలలనాటికి అవి కనిపించాయి. దీపాల చుట్టూ వలయాలు, మెరుపులు, రెండేసి ఆకారాలు కనిపించడం వంటి దృష్టి లక్షణాలు ముందు లేనివారిలో 43 నుంచి 46 శాతం మందికి కొత్తగా వచ్చాయి. మరోవైపు, ముందు ఇటువంటి లక్షణాలున్న చాలామందికి అవి తగ్గాయి. వీటివల్ల రోజువారీ పనులు చేసుకోలేనంతగా బాధపడినవారు ఒక శాతంకంటే తక్కువ. 95 శాతానికి పైగా చూపు పట్ల సంతృప్తి వెలిబుచ్చారు.

ఈ అంకెలను ఎవరికి కావలసినట్లు వారు చదువుకుంటున్నారు. ప్రచారం చేసేవారు 95ను, వ్యతిరేకించేవారు 46ను ఎత్తి చూపుతారు. రెండూ నిజాలే, లక్షణం ఉండటం, దానితో బాధపడటం ఒకటి కాదు. నాకు వీటికంటే విలువైనదిగా తోచినది అదే అధ్యయనంలోని మరొక అంశం. వైద్య సిబ్బందికి నోటితో చెప్పినదానికంటే, ఒంటరిగా కూర్చుని పూరించిన ప్రశ్నావళిలో రెండింతలకు మించి లక్షణాలను నమోదు చేశారట. ‘ఎట్లా ఉంది?’ అని డాక్టరుగారు అడిగితే ‘బాగుందండి’ అనడం మన దగ్గర మరింత సహజం. అందువల్ల ఆస్పత్రి లెక్కలలో తక్కువగా కనిపించే దుష్ప్రభావాలు ఇళ్ళలో ఎక్కువగా ఉండవచ్చు.

రాత్రి వెలుగుల సమస్య చదువుకునే వయస్సులో పెద్దగా తెలియకపోవచ్చు. సాగర్ రహదారి మీద ఎదురుగా లారీల హెడ్‌లైట్లు వచ్చేటప్పుడు ద్విచక్రవాహనం నడిపేవారికి, రాత్రి విధులలో వాహనం నడపవలసిన ఉద్యోగికి అది చిన్న విషయం కాదు. 6/6 అనేది వెలుతురున్న గదిలో తెల్లని పలక మీద నల్లని అక్షరాలను చదవగల సామర్థ్యానికి కొలమానం. మసక వెలుతురులో తేడాలను గుర్తించే శక్తిని ఆ పలక కొలవదు.

5. పొర, సూక్ష్మజీవులు, చుక్కల మందు:

లాసిక్‌లో కప్పిన పొర అంచుల వద్ద అతుక్కుంటుంది గాని మధ్యలో గట్టిగా మానదు. మరణానంతరం దానంగా లభించిన లాసిక్ కళ్ళను పరీక్షించిన 2005 నాటి ఒక పరిశోధన ప్రకారం, అంచు దగ్గర బలం మామూలు కార్నియా బలంలో సుమారు 28 శాతం, మధ్యలో 2.4 శాతం మాత్రమే. ఏళ్లు గడిచాక కూడా కంటికి గట్టి దెబ్బ తగిలితే పొర జరిగిపోయిన సంఘటనలు నమోదైనాయి. కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ ఆడేవారికి, పోలీసు శిక్షణకు వెళ్లేవారికి లాసిక్‌కు బదులు పొర లేని పద్ధతిని వైద్యులు సూచించేది ఇందుకే.

పొర కింద వాపు రావడం, పైకణాలు లోపలికి పాకడం వంటివి వెంటనే గుర్తిస్తే సరిదిద్దగలిగినవి. సూక్ష్మజీవుల సంక్రమణ అరుదైనా ప్రమాదకరం. రెండు కళ్లకూ ఒకేరోజు చికిత్స చేస్తారు కాబట్టి దోషం రెండింటికీ పాకవచ్చు. హైదరాబాదులో 1987లో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన వైద్యులు లాసిక్ తరువాత రెండు కళ్లకూ సంక్రమణ సోకిన ఒక సందర్భాన్ని 2001లోనే ఆఫ్తాల్మాలజీ పత్రికలో ప్రచురించారు. నొప్పి, ఎర్రదనం, చూపు తగ్గడం – ఈ మూడింటిలో ఏది కనిపించినా వసతిగృహంలో మందులషాపు సలహాతో గడపకుండా అదేరోజు చేసిన వైద్యుని వద్దకు, లేదా మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి వంటి పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి.

చికిత్స తరువాత ఇచ్చే చుక్కలలో స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ లేకున్నా షాపులో దొరుకుతుంది, వేసుకోగానే హాయిగా ఉంటుంది, దాంతో చెప్పిన గడువు దాటినా కొందరు వాడుతూనే ఉంటారు. స్టెరాయిడ్ కొందరిలో కంటి ఒత్తిడిని పెంచుతుంది. పలుచబడిన కార్నియా మీద కొలిస్తే ఆ ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. అంటే పెరిగిన ఒత్తిడి కొలతలో దాగిపోతుంది, నేత్రనాడి మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ బిళ్లలు వాడే యువత కూడా ఆ సంగతిని కంటివైద్యునికి తప్పక చెప్పాలి. ఆ మందు కళ్ళను పొడిబారుస్తుంది. చర్మానికి వేసుకునే బిళ్లకూ కంటికీ సంబంధమేమిటని చాలామంది చెప్పరు.

6. ఉద్యోగ నిబంధనల కోణం:

ఇంతవరకు చెప్పినవి శరీరానికి సంబంధించిన ప్రమాదాలు. చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థికి మరొక ప్రమాదం ఉంది. దీనిని ఏ అంగీకారపత్రంలోనూ రాయరు. ఏ ఉద్యోగం కోసం శస్త్రచికిత్స చేయించుకున్నాడో ఆ ఉద్యోగానికే అనర్హుడు కావడం.

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగ ప్రకటనలో లాసిక్ లేదా సైటు సరిచేసే ఏ ఇతర శస్త్రచికిత్స చేయించుకున్నవారైనా ఆ పోస్టుకు అర్హులు కారని స్పష్టంగా ఉంది. సి.డి.ఎస్. ద్వారా సైన్యంలో చేరగోరేవారికి అనుమతి ఉన్నది, కాని షరతులతో: చికిత్సనాటికి 20 ఏళ్లు నిండాలి, చికిత్స జరిగి కనీసం 12 నెలలు కావాలి, కార్నియా మధ్య మందం 450 మైక్రాన్లకు తగ్గరాదు, కనుగుడ్డు పొడవు 26 మిల్లీమీటర్లను మించరాదు, రెటీనా ఆరోగ్యంగా ఉండాలి. వైమానిక దళంలో పొడవు పరిమితి ఇంకా తక్కువ. నిబంధనలు విభాగాన్ని బట్టి, ఏటేటా మారుతుంటాయి కాబట్టి తాజా ప్రకటనే ప్రమాణం.

పైన చెప్పుకున్న విద్యార్థి లెక్కను ఈ షరతుల ముందు ఉంచి చూద్దాం. 500 మైక్రాన్లలో 96 చెక్కితే మొత్తం మందం 404. చికిత్స నిర్దోషంగా జరిగి, 6/6 వచ్చి, ఏ దుష్ప్రభావమూ లేకపోయినా సైనిక వైద్యపరీక్షలో అతడు నిలవడు. అదే కార్నియాకు మైనస్ 4 సైటు ఉంటే 48 పోయి 452 మిగులుతుంది. గీత మీద నిలుస్తాడు. ఇక మైనస్ 8 ఉన్నవారిలో చాలామందికి కనుగుడ్డు పొడవు 26 మిల్లీమీటర్ల సరిహద్దులోనో, దానికి పైనో ఉంటుంది. లేజర్ ఆ పొడవును తగ్గించదు. ఈ రెండు కొలతలు చికిత్సకు ముందే తెలిసేవి. ఒక కాగితం మీద అయిదు నిమిషాలలో తేలే లెక్క తెలియక వేల రూపాయలు అప్పుచేసి చికిత్స చేయించుకొని, తరువాత వైద్యపరీక్షలో వెనుదిరిగితే ఆ నష్టాన్ని వైద్యపరమైన దుష్ప్రభావాల పట్టికలో ఎక్కడా చూపరు. శిక్షణ కేంద్రాలలో గణితం చెప్పేవారు ఈ లెక్కను ఒక అభ్యాసంగా ఇస్తే ఉపయోగం ఎక్కువ.

7. లేజర్ తీసివేయనివి:

కనుగుడ్డు పొడవు తగ్గదు కాబట్టి రెటీనా పలుచదనం, చిరుగులు, ఊడిపోవడం వంటి హ్రస్వదృష్టి సంబంధమైన ప్రమాదాలు చికిత్స తరువాతా ఉంటాయి. కళ్ళద్దాలు పోగానే కంటి పరీక్షలకు వెళ్లడం మానడం ఇక్కడి ప్రమాదం. కళ్ళలో మెరుపులు, నల్లటి చుక్కలు, తెరలా నీడ కనిపిస్తే వెంటనే రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం కూడా ఆగదు. చత్వారం అన్న తెలుగుమాటలోనే నలభై ఉంది. హ్రస్వదృష్టి ఉన్నవారు ఆ వయస్సులో కళ్ళద్దాలు తీసి పుస్తకం చదువుకోగలరు. లేజర్ చేయించుకున్నవారికి ఆ సౌలభ్యం పోతుంది. జీవితమంతా చదువుతో గడిపే అధ్యాపకులు, పరిశోధకులు ముప్ఫై అయిదు దాటాక ఈ చికిత్సకు వెళ్లేముందు దీనిని ఆలోచించాలి.

అరవై దాటాక శుక్లాల శస్త్రచికిత్సలో పెట్టే కృత్రిమ కటకం శక్తిని కార్నియా వంపు ఆధారంగా లెక్కిస్తారు. లేజర్ ఆ వంపును మార్చివేస్తుంది కాబట్టి మామూలు సూత్రాలు తప్పుతాయి. తొలినాటి కొలతలుంటే లెక్క తేలికవుతుంది. కార్నియా పటం, మందం, సైటు, చికిత్స వివరాలు ఉన్న కాగితాలను పదోతరగతి మెమోతోపాటు భద్రపరచుకోమని విద్యార్థులకు చెబుతుంటాను. నవ్వుతారు. నలభై ఏళ్ల తరువాత అవసరమయ్యే కాగితం ఇరవై ఏళ్లవారికి నవ్వుగానే ఉంటుంది.

8. అంగీకారపత్రం భాష:

సమీరా కోహ్లీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం 2008 జనవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం, అంగీకారం నిజమైనదిగా, చెల్లుబాటయ్యేదిగా ఉండాలంటే చికిత్స స్వరూపం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు వైద్యుడు తెలియజేయాలి. దూరపు, కేవలం సైద్ధాంతికమైన ప్రమాదాలను చెప్పనవసరం లేదని కూడా అదే తీర్పు అన్నది. ఎక్టేషియా ఈ రెండింటిలో దేని కిందికి వస్తుంది? మందమైన, సక్రమమైన కార్నియా ఉన్న ముప్ఫై ఏళ్ల వ్యక్తికి అది దూరపు ప్రమాదమే. పలుచని కార్నియా, ఎక్కువ సైటు, కళ్లు నలుపుకునే అలవాటు ఉన్న ఇరవై ఏళ్ల విద్యార్థికి అది గణనీయమైన ప్రమాదం. అందరికీ ఒకే పత్రం మీద సంతకం తీసుకోవడంలోని లోపం ఇదే. అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ 2022 జూలైలో ప్రకటించిన ముసాయిదాలో, చికిత్సకు ముందు అభ్యర్థి ఒక్కొక్క అంశాన్ని చదివి నిర్ణయం తీసుకునే పట్టికను సూచించింది.

మనకు దీనికి ముందే తేలవలసిన భాషాసమస్య ఉంది. ఇంగ్లీషు పత్రాన్ని తెలుగు చేసేటప్పుడు పాఠ్యపుస్తకాల పరిభాషను దింపితే అది మరొక తెలియని భాష అవుతుంది. ‘శుక్లపటల విస్ఫారణం సంభవించవచ్చును’ అని రాస్తే, శుక్లం అన్న మాటను చూసి చదివినవారు దానిని కంటిలో వచ్చే శుక్లమనుకుంటారు. వాడుకలో స్థిరపడిన కార్నియా, లేజర్, పవర్ వంటి మాటలను ఉంచి, క్రియలను తెలుగులో స్పష్టంగా చెప్పడం మేలు. చంపాపేట్ పరిసరాలలో ఉర్దూ మాతృభాషగా గలవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఉర్దూ పత్రం కూడా అంతే అవసరం. పారిభాషిక పదాల మీద, వైద్య అనువాదం మీద పనిచేస్తున్న తెలుగు శాఖల పరిశోధకులు నేత్రవైద్యులతో కలిసి చేయదగిన పని ఇది.

పైన తీసుకున్న ఊహాత్మక విద్యార్థికి అటువంటి పత్రంలోని ఒక అంశం ఈ విధంగా ఉండవచ్చు: “మీ కంటి ముందుపొర మందం 500 మైక్రాన్లు. చికిత్సలో 96 మైక్రాన్లు శాశ్వతంగా పోతాయి. పైకెత్తి కప్పే పొరను మినహాయిస్తే కంటికి బలమిచ్చేది 294 మైక్రాన్లు. మీ వయస్సు 21, కాబట్టి ఈ పొర మున్ముందు ఉబ్బే అవకాశం పెద్దవారికంటే మీకు ఎక్కువ. అట్లా జరిగితే కళ్ళద్దాలతో కూడా చూపు సరికాకపోవచ్చు. ఈ చికిత్సను ఏ ఉద్యోగం కోసం చేయించుకుంటున్నారో, ఆ ఉద్యోగ ప్రకటనలో దీనికి అనుమతి ఉన్నదో లేదో చూశారా?” చివరి ప్రశ్నకు ఎదురుగా ‘చూశాను’, ‘చూడలేదు’ అని రెండు గడులు, వాటి కింద తేదీ, సంతకం.